పురుగైతే ఓకే, ఆకంటే వద్దు: మారాం చేసే బియర్డెడ్ డ్రాగన్ పిల్ల

పెంపుడు నేస్తాలు - ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకి బియర్డెడ్ డ్రాగన్ అనే తొండలాంటి పెంపుడు జీవి పిల్లను కొన్నాం. దానికిప్పుడు మూడు నెలలు. షాపువాళ్లు మేతకని సూపర్‌వర్మ్‌లనే పెద్ద పురుగుల డబ్బా ఒకటి ఇచ్చారు. అవి తప్ప ఇంకేదీ ముట్టదు. కీచురాయిని వేస్తే మొహం తిప్పుకుంటుంది. ఆకుకూర తరిగి పెడితే దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోతుంది. నాలుగు రోజులుగా సూపర్‌వర్మ్‌లు తినడం కూడా తగ్గించింది. పిల్లాడు బెంగ పెట్టుకున్నాడు. ఏం చేయమంటారు?
- ఓ తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: గిన్నెలో ఏం పెట్టాలన్నది తర్వాత చూద్దాం. ముందు దాని పెట్టెలోని వేడి దీపం (హీట్ ల్యాంప్) కింద వేడి ఎంతుందో కొలవండి. ఇది మన తొండల కుటుంబానికే చెందిన జీవి. పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న పొడి నేలలు. ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు కాబట్టి, బయట వేడి చాలకపోతే తిన్నది కడుపులో అరగదు. అరగకపోతే ఆకలి వేయదు. చూసేవాళ్లకి అది మారాంలా కనిపిస్తుంది. మూడు నెలల పిల్ల ఉన్నట్టుండి తిండి తగ్గించిందంటే మొదట అనుమానించాల్సింది దీపాన్నే.

అది ఎక్కి కూర్చునే రాయి లేదా కొమ్మ పైభాగం 40 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మీ లెక్కలో 104 నుంచి 108 ఫారన్‌హీట్. గాజు గోడకి అంటించే గుండ్రటి థర్మామీటర్ చెప్పేది ఆ గోడ దగ్గరి గాలి సంగతి మాత్రమే, దాన్ని నమ్ముకోవద్దు. గురిపెట్టి నొక్కితే అంకె చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఆ రాయినే కొలవండి. పెట్టె రెండో చివర చల్లగా, 25-27 డిగ్రీల దగ్గర ఉండాలి. వేడెక్కాక అది అక్కడికి వెళ్లి చల్లబడుతుంది. రాత్రి అన్ని దీపాలూ ఆర్పేయండి, 20 డిగ్రీలకు దిగినా ఫర్వాలేదు. కింద పెట్టి వేడిచేసే 'హీట్ రాక్' ఉంటే ఇవాళే తీసేయండి. పొట్ట కాలుతున్నా ఇవి పక్కకి జరగవు.

రెండోది యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు. ఈ కిరణాలు ఒంటికి తగిలితేనే చర్మంలో డీ3 విటమిన్ తయారవుతుంది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. టీ5 రకం పొడవాటి ట్యూబు, 10 లేదా 12 శాతం అని రాసి ఉన్నది, పెట్టె పొడవులో సగానికి పైగా వచ్చేది కొనండి. మెలికలు తిరిగిన చిన్న బల్బులు చాలవు. పైన సన్నటి జాలీ ఉంటే అదే మూడో వంతు కిరణాలను ఆపేస్తుంది, కాబట్టి కుదిరితే ట్యూబును జాలీ లోపలే బిగించండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు. రోజుకి 12 గంటలు వెలగాలి. ఏడాది తిరిగేసరికి ట్యూబు మార్చాలి. వెలుగు మునుపటిలాగే కనిపిస్తుంది గానీ అందులో సత్తా పోయి ఉంటుంది.

ఇక ఆ సూపర్‌వర్మ్ సంగతి. ఈ వయసు పిల్లకి అది పెట్టకూడని పురుగు. డ్రాగన్ రెండు కళ్ల మధ్య ఎంత దూరం ఉందో, వేసే పురుగు అంతకంటే పొడవుగా ఉండకూడదు. మీ పిల్లకి ఆ దూరం సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. సూపర్‌వర్మ్ నాలుగైదు సెంటీమీటర్లు! పైగా కొవ్వెక్కువ, కాల్షియం బొత్తిగా తక్కువ. నూనె సరుకు రుచి మరిగిన పిల్లాడు పప్పన్నం వద్దన్నట్టు, ఇది మరిగిన డ్రాగన్ మిగతా పురుగులను లెక్కచేయదు.

ఇప్పుడొక విషయం జాగ్రత్తగా గమనించండి. ఈ నాలుగు రోజుల్లో అది దొడ్డికి వెళ్లిందా? ఈ వయసులో మామూలుగా రోజూ వెళ్లాలి. వెళ్లకుండా పొట్ట బిగుసుకుని ఉంటే, పెద్ద పురుగుల గట్టి పెంకు లోపల అడ్డుపడి ఉండవచ్చు. 33-35 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో, భుజాలు మునగకుండా, పదిహేను నిమిషాలు ఉంచండి. నీళ్లు చల్లారుతుంటే మార్చండి, పక్కనుంచి కదలకండి. తర్వాత తుడిచి దీపం కింద వదలండి. రెండు రోజులు ఇలా చేసినా ఫలితం లేకపోతే సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. వెనక కాళ్లు ఈడుస్తోందా, అప్పుడు రెండు రోజులు కూడా ఆగొద్దు. నోట్లో నూనె పోయడం లాంటివి చేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పొట్ట తేలికపడి, వేడి కుదిరాక తిండి మార్చండి. ఒక్క మాట: పెద్ద డ్రాగన్ రెండు మూడు రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. మూడు నెలల పిల్లను పస్తు పెట్టి దారికి తెద్దామని మాత్రం చూడకండి. ఎదిగే ఎముకలకు రోజూ తిండి పడాలి.

సూపర్‌వర్మ్ బదులు బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు (ఒక రకం ఈగ పిల్లపురుగులు) తెప్పించండి. మీ దగ్గర వేరే వ్యాపార పేర్లతో డబ్బాల్లో అమ్ముతారు. చిన్నగా, మెత్తగా ఉంటాయి. సూపర్‌వర్మ్‌లా మెలికలు తిరుగుతాయి కాబట్టి పిల్ల త్వరగా ఒప్పుకుంటుంది. మామూలుగా పురుగుల్లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఎక్కువ, వీటిలో కాల్షియమే ఎక్కువ. అవి అలవాటయ్యాక, మూడు నాలుగు రోజులకి, చిన్న కీచురాళ్లు, చిన్న దుబియా బొద్దింకలు కలపండి. కీచురాయి గెంతి పారిపోతే డ్రాగన్ పిల్ల విసుగెత్తి వదిలేస్తుంది. డబ్బాతో సహా ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కీచురాళ్లు మందగిస్తాయి. అప్పుడు ఒక్కొక్కటే వేయండి. దుబియా కదలకుండా నక్కుతుంది, దాన్ని నున్నటి గోడలున్న గిన్నెలో వేయండి. గోడ ఎక్కలేక కాళ్లాడిస్తుంటే డ్రాగన్ చూపు అటే పోతుంది.

పొద్దున దీపం వెలిగించి గంట ఆగండి. ఒళ్లు వేడెక్కి ఆకలి మొదలయ్యే వేళ అది. అప్పుడు ఆకు పెట్టండి, పురుగు కాదు. అరగంట తర్వాత పురుగులు. పదిహేను నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని తిననిచ్చి, మిగిలినవి ఏరి తీసేయండి. వదిలేసిన కీచురాళ్లు రాత్రి నిద్రలో దాని వేళ్లు, కనురెప్పలు కొరుకుతాయి. మధ్యాహ్నం మళ్లీ ఒకసారి పురుగులు. దీపం ఆర్పడానికి రెండు గంటల ముందే ఆఖరి మేత అయిపోవాలి, తిన్నది అరగడానికి ఆ వేడి కావాలి.

ఆకుల్లో మీకు సులువుగా దొరికేది కాలర్డ్ గ్రీన్స్. వంద గ్రాముల్లో 232 మిల్లీగ్రాముల కాల్షియం, 25 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటాయి. ఇంతకంటే మంచి నిష్పత్తి దొరకడం కష్టం. ఆవ ఆకు, టర్నిప్ ఆకు, ఎండైవ్, డాండిలయన్ మార్చి మార్చి పెట్టండి. పాలకూర, చుక్కకూర, తోటకూర, గంగవాయిలు రోజువారీ మేతగా వద్దు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఐస్‌బర్గ్ లెట్యూస్ నీళ్లే తప్ప ఏమీ కాదు. అవకాడో, ఉల్లి, వెల్లుల్లి, రూబార్బ్ అసలు పనికిరావు.

ఆకును గోరంత ముక్కలుగా తరిగి, పసుపు రంగు బటర్‌నట్ గుమ్మడి సన్నగా తురిమి, ఒక మందార రేక చించి పైన చల్లండి. ఎరుపు, పసుపు రంగులు వీటిని బాగా లాగుతాయి. తర్వాత రెండు మూడు లార్వాలు ఆకుల మధ్య వదలండి. ఆకు కదులుతుంది. డ్రాగన్ తల ఓ పక్కకి వంచి చూస్తుంది, నాలుక విసురుతుంది. పురుగుతో పాటు ఓ ఆకు ముక్క నోట్లోకి పోతుంది. రెండుసార్లు నమిలి సగం కింద పడేస్తుంది. ఆ మిగతా సగం లోపలికి పోయింది చూశారా, ఆ రోజుకి అంతే చాలు. ఇలా మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. కొన్ని ఆరో నెల దాటేదాకా ఆకు సరిగ్గా తినవు. అయినా గిన్నె రోజూ పెట్టాల్సిందే, రోజూ కనిపించేదే తిండి అని దానికి అలవాటవుతుంది. ఈ వయసులో మూడొంతులు పురుగులు, ఒక వంతు ఆకు ఉన్నా ఎదుగుదలకి లోటు లేదు. ఏడాది దాటాక లెక్క తిరగబడుతుంది, మూడొంతులకు పైగా ఆకే ఉండాలి.

వారానికోసారి, ఒకే వేళకి, గ్రాములు చూపించే వంటింటి కాటా మీద తూచి రాసిపెట్టండి. ఈ పని మీ అబ్బాయికి అప్పగించండి. బరువు పెరుగుతుంటే ఆకు ముట్టలేదని దిగులు అక్కర్లేదు. రెండు వారాలు పెరగకపోయినా, పదో వంతు తగ్గినా పేడ పరీక్ష చేయించండి. పేగుల్లో చేరే కాక్సీడియా అనే సూక్ష్మ పరాన్నజీవులు, సన్న నులిపురుగులు ఆకలిని చంపేస్తాయి, కంటికి కనిపించవు.

వేసవి సాయంత్రాలు మీ వాకిట్లో మిణుగురులు ఎగురుతాయి. పిల్లలు సరదాగా పట్టి పెట్టెలో వేస్తారు. ఒక్క మిణుగురు చాలు, డ్రాగన్ ప్రాణం పోతుంది. దాని ఒంట్లోని విషం గుండెను ఆపేస్తుంది. ఈ సంగతి మీ అబ్బాయికి, వాడి స్నేహితులకి ఇవాళే చెప్పండి.

ప్రశ్న: మా బియర్డెడ్ డ్రాగన్‌కి ఐదు నెలలు. కాల్షియం పొడి చల్లమంటారు గానీ ఎంత, ఎన్నిసార్లు అన్నది ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మేం వేసుకునే కాల్షియం మాత్ర నూరి వేయొచ్చా? పొడి చల్లిన పురుగును అది ఉమ్మేస్తోంది కూడా.
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తిండిలో ఫాస్ఫరస్ ఒక వంతు ఉంటే కాల్షియం రెండు వంతులుండాలి. కీచురాయిలోనూ, మేతగా అమ్మే మీల్‌వర్మ్ అనే పురుగులోనూ ఫాస్ఫరస్సే కాల్షియానికి ఎన్నో రెట్లు. అందుకే పొడి.

ఉమ్మేస్తోందంటే మీరు ఎక్కువ వేస్తున్నారు. పది చిన్న కీచురాళ్లకి రెండు వేళ్లతో తీసిన ఒక్క చిటికెడు చాలు. పురుగులను ప్లాస్టిక్ సంచిలో వేసి, చిటికెడు పొడి వేసి, గాలి నింపి నెమ్మదిగా రెండు మూడుసార్లు ఊపండి. బజ్జీకి పిండి పట్టించినట్టు కాదు, పల్చగా బూడిద రాసినట్టు కనిపించాలి. వెంటనే పెట్టేయాలి, పది నిమిషాలు ఆగితే కీచురాయి ఒళ్లు దులుపుకుంటుంది. వారంలో ఐదు రోజులు, రోజుకి ఒక పూట డీ3 లేని మామూలు కాల్షియం కార్బొనేట్. మిగతా రెండు రోజుల్లో ఒకరోజు డీ3 ఉన్న కాల్షియం, మరోరోజు సరీసృపాల మల్టీవిటమిన్.

మనుషుల మాత్రలు వద్దు. వాటిలో డీ3 మన బరువుకి తగ్గట్టు ఉంటుంది. ఇంత చిన్న ప్రాణికి అది మోతాదు మించితే కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది. తాంబూలం సున్నం అంతకంటే ప్రమాదం, నోరు పొక్కుతుంది. పొడి తెప్పించడం ఆలస్యమైతే కోడిగుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు ఉడికించి, లోపలి పొర తీసి ఎండబెట్టి, మిక్సీలో మైదాలా మెత్తగా పట్టి జల్లించి వాడుకోవచ్చు. అదీ కాల్షియం కార్బొనేటే. బరకగా ఉంటే మాత్రం ముట్టదు.

పొడి ఒక్కటే సరిపోదు, పురుగు కడుపులో ఏముందో కూడా లెక్కే. షాపు నుంచి వచ్చిన కీచురాళ్లు ఎన్ని రోజుల ఆకలి మీద ఉంటాయో తెలియదు. డ్రాగన్‌కి వేసే ముందు రోజంతా వాటికి మునగాకు, క్యారెట్, చిలగడదుంప ముక్కలు పెట్టండి. మీల్‌వర్మ్‌లు తవుడులో వస్తాయి, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ. అందుకే వాటినీ ఒకరోజు ఆకుకూరల మీదకి మార్చి అప్పుడు వాడండి. ఇంట్లో తిరిగే బొద్దింకలు, బాల్కనీలో దొరికిన మిడతలు వద్దే వద్దు. ఏ ఇంట్లో ఏ మందు కొట్టారో మనకు తెలియదు.

మీ ఊళ్లో ఉన్న పెద్ద సౌకర్యం ఎండ. చలికాలం తప్ప మిగతా రోజుల్లో పొద్దున తొమ్మిదిలోపు జాలీ పంజరంలో ఇరవై నిమిషాలు బాల్కనీలో ఉంచండి. పంజరంలో సగానికి నీడ ఉండాలి, మీరు పక్కనే ఉండాలి. గాజు పెట్టెను మాత్రం ఎండలో పెట్టొద్దు, నిమిషాల్లో లోపల కొలిమి అయిపోతుంది. ఏ ట్యూబూ ఈ ఎండకి సాటి రాదు.

కాల్షియం చాలకపోతే మొదట కనిపించేది వేళ్ల చివర సన్నటి వణుకు. నడిచేటప్పుడు పొట్ట నేలకి ఆనడం, దవడ రబ్బరులా మెత్తబడటం, కాళ్లు వాచినట్టుండటం తర్వాతి మెట్లు. వణుకు చూసిన రోజే ఎక్స్‌రే తీయించండి. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు.

ప్రశ్న: మా గ్రీన్ ఇగువానా (పెద్ద బల్లి జాతి) పిల్ల అరటిపండు, అన్నం, ఉడికించిన గుడ్డు బాగా తింటుంది. ఆకులు పెడితే ఏరి పక్కన పడేస్తుంది. బలానికి గుడ్డు మంచిదే కదా?
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మంచిది కాదమ్మా. పై జవాబుల్లో చెప్పిన డ్రాగన్ వేరు, ఇగువానా వేరు. ఇది పుట్టిన రోజు నుంచి పోయేదాకా ఆకులే తినే జీవి. పేగు చివరి భాగంలో సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి అరిగిస్తాయి. గుడ్డు, మాంసం, పిల్లి మేత లాంటివి కొన్నాళ్లు చలాకీగా ఎదిగినట్టు చూపిస్తాయి, లోపల మూత్రపిండాలు పాడవుతుంటాయి. గుడ్డు ఇవాళ్టి నుంచి ఆపేయండి, అన్నం కూడా. అరటిపండును మాత్రం ఒక్కసారిగా ఆపకండి, దాన్నే ఎరగా వాడుకుందాం. వంద గ్రాముల అరటిపండులో కాల్షియం 5 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 22. రోజూ అదే కడుపు నింపితే ఎముకలు గుల్లబారతాయి.

మునగాకు, మందార ఆకు, మెంతికూర, దొరికితే మల్బరీ ఆకు తీసుకోండి. కాడలు తీసి, పచ్చడికి తరిగినంత సన్నగా తరగండి. ఏరి పక్కన పెట్టడానికి వీల్లేనంత సన్నగా ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది. తొమ్మిది చెంచాల ఆకుకి మూడు చెంచాల అరటిపండు గుజ్జు కలిపి చేత్తో పిసకండి. నాలుగు రోజులకోసారి గుజ్జు అర చెంచా తగ్గించండి. మూడు వారాలు గడిచేసరికి అర చెంచా దగ్గర ఉంటారు, అక్కడ ఆపేయండి. తర్వాత తరగడం కాస్త పెద్దది చేస్తూ పోండి. ఆకు ఎనభై తొంభై శాతం, బెండకాయ, గుమ్మడి, చిక్కుడు లాంటి కూరగాయలు మరో పది, పండు ఐదు శాతం లోపు. దీపం కింద 35 నుంచి 38 డిగ్రీలు, యూవీబీ డ్రాగన్‌కి చెప్పినట్టే. గాలిలో తేమ మాత్రం బాగా ఉండాలి, రోజుకి రెండుసార్లు నీళ్లు చిలకరించండి.

ఇంకో సంగతి. గ్రీన్ ఇగువానా అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న జీవి. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేయించకపోతే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: మాది పట్టు రైతు కుటుంబం. బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు బియర్డెడ్ డ్రాగన్‌ని పెంచుతున్నాడు. "మామయ్యా, మీ పట్టుపురుగులు పంపిస్తావా" అంటున్నాడు. పెట్టొచ్చా?
- ఓ రైతు, హిందూపురం

జవాబు: అంతకంటే మంచి మేత ఉండదు. మెత్తటి ఒళ్లు, కొవ్వు తక్కువ, నీటి శాతం ఎక్కువ, గట్టి పెంకు లేదు. కీచురాయిని ముట్టని మొండి డ్రాగన్లు కూడా పట్టుపురుగు పాకడం చూస్తే ఆగలేవు.

జాగ్రత్తలు మీకే బాగా తెలుసు. పురుగులు పెంచే పడకల మీద రోగం రాకుండా చల్లే మందుపొడి, సున్నం పురుగు ఒంటికి అంటి ఉంటాయి. అందుకని పడకలోంచి నేరుగా తీసి పంపకండి. చాకీ కేంద్రం (పసి పురుగులను పెంచి ఇచ్చే చోటు) నుంచి పురుగులు వచ్చిన రోజే, మందు చల్లకముందే, ఓ వంద పక్కకి తీయండి. గాలాడే ట్రేలో, తడి లేని ఆకు మీద విడిగా పెంచండి. మల్బరీ తోటకి మందు కొట్టి, ఆగాల్సిన రోజులు ఆగకుండా ఆకు కోస్తే పురుగులే ముందు చచ్చిపోతాయి. ఆ లెక్కన మీ పురుగు బతికి ఉండటమే ఆకు శుభ్రానికి మంచి గుర్తు. ఒళ్లు ఉబ్బి, కణుపులు లేచి, పాలలాంటి ద్రవం కారుతున్నవి పక్కన పారేయండి.

మూడో జ్వరం (మూడోసారి పొర విడవడం) దాటేసరికి చిన్న డ్రాగన్‌కి పురుగు పెద్దదైపోతుంది, కళ్ల మధ్య దూరం లెక్క మీ మేనల్లుడికి చెప్పండి. కాల్షియం పొడి వీటికీ అద్దాల్సిందే. లేత మల్బరీ ఆకులు కూడా ఒక కట్ట పంపండి. సన్నగా తరిగి, ఆ పురుగులనే మీద వదిలితే డ్రాగన్ ఆకు కూడా నేర్చుకుంటుంది.

ప్రశ్న: మా పొలం గట్టు మీద దొరికిన ఉడుము పిల్లను మా తమ్ముడు ఇంటికి తెచ్చి బుట్ట కింద ఉంచాడు. రెండు రోజులైంది, కోడిగుడ్డు పెట్టినా తినడం లేదు. ఏం పెట్టాలి?
- ఓ పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: ఏమీ పెట్టొద్దు, వదిలేయండి. భయంతో ఉన్న అడవి జీవి మనిషి ఎదుట తినదు. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం, తెలియక చేసినా సరే. దానికి దెబ్బలేమీ లేకపోతే రేపు పొద్దున ఎండ వచ్చాక గుడ్డసంచిలో పెట్టి, మూతి వదులుగా కట్టి, దొరికిన ఆ గట్టు మీదికే తీసుకెళ్లండి. పుట్ట గానీ కలుగు గానీ ఉన్న చోట సంచి నేల మీద పడుకోబెట్టి మూతి విప్పి, పది అడుగులు వెనక్కి జరగండి. కాలు విరిగినా, గాయమున్నా వదలకుండా దగ్గరలోని అటవీ బీట్ అధికారికి అప్పగించండి.